100 నిమిషాల సినిమా, ఒకటే గది ఇల్లు: తిరుపతి ఆటో కుటుంబం కథకి సలహాలు కావాలి

కొర్లగుంట_కథకుడు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. తిరుపతిలో జరిగే కథ. 104 పేజీల డైలాగ్ వెర్షన్ రెడీగా ఉంది. నాయన బాడిగ ఆటో తోలతాడు, రైల్వే స్టేషన్ నుంచి అలిపిరి దాకా. అమ్మ లాడ్జీలో రూములు సర్దే పని చేస్తాది. జేజి (నాయనమ్మ) ఇంట్లోనే కూర్చొని పూలు కడతాది. కూతురు ఇంటర్ సెకండియర్, కొడుకు ఐదో తరగతి. జింకు రేకుల ఇల్లు, ఒకటే గది, ముందు చిన్న వసారా. డైలీ ఫైనాన్స్‌లో తీసుకున్న అప్పు చుట్టూ కథ తిరుగుతుంది.

చదివిన ముగ్గురూ ఒకే మాట అన్నారు: "కష్టాలు కనబడతా ఉండాయి, కథ కనబడలేదు" అని. సెకండాఫ్‌లో ఏడుపు సీన్లు ఏడు ఉన్నాయి, ఒప్పుకుంటా.

ఏపీఎస్-సీ (మధ్యరకం సైజు) సెన్సర్ కెమెరా ఒకటి, పన్నెండుమంది యూనిట్, 20 రోజుల షెడ్యూలు. గది 10 బై 12 అడుగులు. అందులో ఎట్లా తీయాలి? సింక్ సౌండ్ (షూటింగులోనే మాటలు రికార్డు చేయడం) కుదురుతుందా, డబ్బింగే మేలా? డైలాగులు మామూలు భాషలో రాసేశాను, చిత్తూరు యాసలోకి ఎంతవరకు మార్చాలి? కొండ మీద రెండు సీన్లు రాసుకున్నా, వాటి అనుమతి సంగతి ఏంది? తెలిసినవాళ్లు చెప్పండి.

కాగితంపులి:

మీ పోస్టులో అప్పు ఉంది గానీ అంకె లేదు. స్క్రిప్టులో కూడా లేదేమోనని నా అనుమానం. ముందు ఆ అంకె పెట్టండి, ఏడుపు సీన్లు సగం వాటంతట అవే రాలిపోతాయి.

డైలీ ఫైనాన్స్ లెక్క ఎట్లుంటుందో చూడండి. 20,000 అప్పు రాసుకుంటారు, 2,000 ముందే పట్టుకొని చేతికి 18,000 ఇస్తారు. రోజుకి 200 చొప్పున వంద రోజులు కట్టాలి. వినేదానికి నూటికి పది లాగే ఉంటుంది. కానీ అసలు రోజూ తగ్గతా పోతా ఉంటే వడ్డీ మాత్రం మొత్తానికీ ముందే కోసేశారు కాబట్టి, లెక్కేస్తే నెలకి నూటికి ఆరు రూపాయల పైమాటే. ఇది ఎవురూ డైలాగులో చెప్పక్కర్లేదు, రాసేవాడికి తెలిసుంటే చాలు.

అసలు దెబ్బ వంద రోజుల్లో లేదు, తిరగేయడంలో ఉంది. అరవయ్యో రోజుకి 12,000 కట్టేశాడు, ఇంకా 8,000 బాకీ. ఆ వారమే కూతురి ఫీజో, ఆటో ఇంజన్ పనో మీద పడుతుంది. ఫైనాన్సువాడు కొత్తగా 20,000 రాస్తాడు: అందులో 2,000 వడ్డీ పట్టుకుంటాడు, పాత బాకీ 8,000 పట్టుకుంటాడు, చేతికి 10,000 ఇస్తాడు. పాత కార్డు చించేసి కొత్త కార్డు ఇస్తాడు. అరవై రోజులు కట్టినోడు మళ్లీ ఒకటో రోజుకి వచ్చినాడు. మీ ఇంటర్వెల్ అక్కడ పెట్టుకోండి. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు, అంతా నవ్వుతానే జరిగింది. అది ఏ ఏడుపు సీనుకన్నా గట్టిగా తగులుతుంది.

ఆ కార్డే మీ సినిమాకి గడియారం. జేబులో పట్టే అట్టముక్క, వంద గళ్లు, కలెక్షన్ అబ్బాయి రోజూ ఒక గడిలో పొట్టి సంతకం పెట్టిపోతాడు. షూటింగు కథ వరుసలో జరగదు కాబట్టి ఒకే కార్డుతో నెట్టుకొస్తే కంటిన్యుటీ (షాటుకీ షాటుకీ మధ్య పొంతన) పోతుంది. 5, 22, 41, 60 రోజులవి నాలుగు, కొత్త కార్డువి రెండు, ఇట్లా ఆరు ముందే తయారు చేసి సీన్ నంబరు వెనక రాసి పెట్టుకోండి. 41 రోజుల కార్డుకి చెమట మరక, మడత పడాలి, టీ నీళ్లలో ముంచి ఆరబెట్టి జేబులో పెట్టుకొని రెండురోజులు తిరిగితే వస్తాయి.

ఇంటి లెక్క కూడా అట్లే రాసుకోండి. ఉదాహరణకి ఆటో కలెక్షన్ 1,100 అనుకుంటే ఓనరుకి బాడిగ 350, గ్యాసు 350, ఫైనాన్సు 200, మిగిలేది 200. (ఈ అంకెలు నేను మాటవరసకి వేసినవి. కథ ఏ ఏడాదిలో జరిగితే ఆ ఏడాదికి స్టాండులో నలుగురిని అడిగి మార్చుకోండి.) రైసు కార్డు మీద మనిషికి 5 కిలోలు, ఐదుగురికి 25. రోజుకి కిలోన్నర వండినా 17వ తేదీకి డబ్బా అడుగు కనబడుతుంది. అంటే ఏ సీను నెలలో ఎన్నో తేదీన జరుగుతుందో మీకు తెలిసుండాలి. 5వ తేదీ కంచానికీ 25వ తేదీ కంచానికీ తేడా ఉండాలి.

కథ ఏ ఏడాదన్నది కూడా తేల్చుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. షేర్ ఆటో ఎక్కే లోకల్ ఆడవాళ్లు బస్సుకి మళ్లుతారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం డ్రైవర్లకి 15,000 ఇచ్చింది, అది సొంత ఆటో ఉన్నోళ్లకి. మీవాడిది బాడిగ ఆటో. పైగా పెళ్లామూ కూతురూ అదే బస్సులో ఉచితంగా పోతా ఉంటారు, ఇంటికి ఆ మిగులు కావాల్సిందే. ఇంతకన్నా మంచి ముడి మీరు కల్పించినా దొరకదు. 2025కి ముందు కథయితే ఇదంతా వదిలేయండి.

అమ్మ పని గురించి ఒక్క మాట. "రూములు సర్దే పని" అని రాసి ఊరుకోవద్దు. గుండు చేయించుకొని గంధం పూసుకున్న తల దిండుకి ఆనించి యాత్రికులు పడుకుంటారు. దిండు కవరు పచ్చగా మరకైపోతుంది. సాయంత్రం గుడ్డల లెక్క అప్పజెప్పేటప్పుడు మరక కవర్లు వేరే కుప్ప. ఆ కుప్ప ఎంతుంటే ఆరోజు ఆమె పడే మాటలు అంత. ఒక క్లోజప్ తీసుకోండి, ఊరు పేరు బోర్డు చూపించే పనే ఉండదు.

గదిమూల_కెమెరా:

పైన అన్న కథ సంగతి అట్లుంచి గది విషయం చెప్తా.

10 అడుగుల గదిలో కెమెరా, దాని వెనక మనిషి కలిపి 2 అడుగులు తినేస్తారు. మిగిలేది 8 అడుగులు. మీ సెన్సర్ వెడల్పు దాదాపు 23.5 ఎం.ఎం. 8 అడుగుల దూరంలో 16 ఎం.ఎం. లెన్స్ పెడితే దాదాపు 11.7 అడుగుల వెడల్పు పడుతుంది, 24 పెడితే 7.8, 35 పెడితే 5.4. అందరూ 16కి పరిగెత్తుతారు. అక్కడే తప్పు. వైడ్ లెన్స్ ఆ గదిని కల్యాణ మండపం చేసేస్తుంది, ఇరుకు ఎగిరిపోతుంది. 24నే ప్రధాన లెన్సుగా పెట్టుకొని, ఫ్రేములో ఎవరో ఒకరు సగం తెగిపోనివ్వండి. జేజి భుజం మీదుగా అమ్మ, అమ్మ చెయ్యి అడ్డంగా కొడుకు. ఇరుకంటే అదే. మొత్తం గది ఒకేసారి చూపించాల్సి వస్తే తలుపు రెక్క ఊడదీసి వసారాలోంచి తీయండి, ఇంకో 5 అడుగులు కలిసొస్తుంది.

గోడ రంగు చూసుకోండి. ఇట్లాంటి ఇళ్లలో చిలకపచ్చో, ఆకాశనీలమో వేసుంటారు. ఎండ తలుపులోంచి పడి ఆకుపచ్చ గోడకి తగిలి మొహాల మీదకి వస్తే చర్మం జబ్బు మనిషిదిలా కనబడుతుంది, డీఐలో (తర్వాత రంగులు సరిచేసేటప్పుడు) లాగినా పూర్తిగా పోదు. కెమెరాకి కనబడని గోడ మీద తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టండి, సగం సమస్య అక్కడే తీరుతుంది.

కరెంటు మనకి 50 సైకిల్స్. షటర్ 50వ వంతు సెకనులో పెట్టండి, ట్యూబులైట్ మినుకులు రావు. చవక ఎల్‌ఈడీ బల్బులు కొన్ని దీనికీ లొంగవు, ముందురోజు రాత్రే ఐదు నిమిషాలు తీసి పెద్ద స్క్రీన్ మీద చూడండి. తేడా కనబడితే బల్బు మార్చడమే దారి.

ఇంకోటి, జేజి పూలు. మల్లెమొగ్గలు లైట్ల వేడికి గంటలో విచ్చుకుంటాయి. మాస్టర్ షాటులో (సీను మొత్తం కనబడే షాటులో) మొగ్గ, క్లోజులో పువ్వు అవుతుంది. మూడు గంటల సీనుకి మూడు విడతలుగా మొగ్గలు తెప్పించి తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టండి. లేదా కనకాంబరాలు కట్టిస్తే బాధే లేదు, పొద్దునకీ సాయంత్రానికీ పెద్ద మార్పు తెలీదు. నటించే ఆమెకి కట్టడం వచ్చుండాలి. నారతో ముడి వేసే వేలు అబద్ధం చెప్పదు.

కొండ కనబడే షాట్లకి: ఊరికి కొండ ఉత్తరాన ఉంది. చలికాలం సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి డిసెంబరు, జనవరుల్లో కొండ మొహం రోజంతా వెలుగుతుంది. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు, అప్పుడు తీస్తే కొండ బూడిదరంగు గోడలా ఉంటుంది.

ఆటో లోపలి సీన్లు: లారీ మీద ఆటో ఎక్కించి తీయొద్దు. రోడ్డు మీద మనుషులు కిందికి పోయి తలలు మాత్రమే కనబడతాయి, మోసం వెంటనే తెలుస్తుంది. క్లోజప్పులకి ఇంజన్ ఆపేసి వెనక నుంచి ఇద్దరు మెల్లగా తోస్తే చాలు. హీరోకి ఎడమ చేతి గేరు, క్లచ్చు వారం ముందే అలవాటు చేయించండి. లైసెన్సు లేనోడితో రోడ్డు మీద తోలించొద్దు.

రేకులచప్పుడు:

డబ్బింగ్ ఆలోచన మానుకోండి. మీ కథలో జేజి, కొడుకు కొత్తవాళ్లే అయ్యుంటారు. కొత్తవాళ్లు థియేటర్లో నిలబడి పెదాలకి మాట కలపలేరు, కలిపినా ఆ గొంతులో వంటింటి ఊపిరి ఉండదు. గది సీన్లన్నీ సింక్‌లోనే తీయండి.

గదిలో పొడుగు షాట్‌గన్ మైకు పెట్టకండి. సిమెంటు గోడలకి మాట కొట్టుకొని తిరిగొచ్చి, డబ్బాలో మాట్లాడినట్టు పడుతుంది. పొట్టి హైపర్‌కార్డియాయిడ్ మైకు (ఎదురుగా వచ్చే మాటనే ఎక్కువగా పట్టేది) నోటికి అడుగున్నర, రెండడుగుల లోపల పైనుంచి దించండి. కెమెరాకి కనబడని గోడలకి రగ్గులు, పాత పరుపులు కట్టండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. రికార్డర్ మీటరులో మామూలు మాట -20 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, అరిచినా -6 దాటకూడదు. కాలరు మైకు అయితే నూలు చీర కిందే. నైలాన్ చీర ప్రతి కదలికకీ గరగరమంటుంది, కాస్ట్యూమ్ వాళ్లకి ముందే చెప్పండి.

జింకు రేకులతో రెండు తంటాలు. ఎండ ఎక్కేకొద్దీ రేకు సాగి మేకుల దగ్గర టక్ టక్ మంటుంది, మబ్బు పట్టి చల్లబడితే మళ్లీ మొదలు. ముఖ్యమైన మాటల సీన్లు పొద్దున తొమ్మిది లోపల పెట్టుకోండి. రెండోది వాన. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి, 2021 నవంబరులో ఊరు ఎట్లా మునిగిందో అందరికీ తెలుసు. రేకు మీద వాన పడితే ఏ మైకూ ఏమీ చేయలేదు. జనవరి చివర, ఫిబ్రవరి మేలు.

ఫ్యాను టేకులో ఆపాలి, కట్ చెప్పగానే వేయాలి. ఆ పనికి ఒక మనిషినే కేటాయించండి, లేకపోతే చెమట కంటిన్యుటీ చూసేవాళ్లకి పిచ్చెక్కుతుంది. ఫ్రిజ్ ఉంటే ఆపేసి, బండి తాళం అందులో పెట్టండి. ఇంటికి పోయేటప్పుడు తాళం కోసం తెరిస్తే ఫ్రిజ్ ఆన్ చేయాలని గుర్తొస్తుంది. ప్రతి చోటా ఖాళీ గది శబ్దం 60 సెకన్లు రికార్డు చేయండి, ఎడిటింగ్‌లో మాటల మధ్య గుంతలు పూడ్చేది అదే.

ఆటో పరిగెత్తే సీన్లకి మాత్రం సింక్ మీద ఆశ పెట్టుకోవద్దు. షాట్ అవగానే ఆటో పక్కకి తీసి, నటులని అదే ఊపులో అదే డైలాగు మూడుసార్లు చెప్పించి రికార్డు చేసుకోండి. పది నిమిషాల పని. మూడునెలల తర్వాత స్టూడియోలో ఆ ఊపు రాదు.

ఇక తిరుపతిలో అందరూ పట్టించుకోనిది: ప్రతి టీ కొట్టులో, ప్రతి పూజసామాన్ల షాపులో భక్తి పాట మోగుతా ఉంటుంది. అన్నమయ్య పదం 15వ శతాబ్దిది, మాటలకి హక్కుల గొడవ లేదు. కానీ ఆ బాణీకి, పాడిన రికార్డుకి హక్కుదారులు ఉంటారు. సౌండ్ రికార్డింగుకి మన చట్టంలో విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. సుప్రభాతానిదీ అదే కథ. గడువు తీరని రికార్డు షాటులో వినబడిందంటే డబ్బు కట్టాలి, లేదా మాటలతో సహా ఆ ట్రాకు తీసేయాలి. షాపతన్ని పది నిమిషాలు ఆపమని అడగండి. పాట కావాలంటే ఎవరితోనైనా కొత్త బాణీలో పాడించి తర్వాత కలుపుకోండి.

గమ్మునుండబ్బా:

యాస గురించి. సినిమాల్లో వచ్చే "సీమ యాస" అంతా కడప, కర్నూలు వైపుది, అదీ తొడ కొట్టే రకం. మన వైపు మాట మెత్తగా ఉంటాది, తమిళం కలుస్తాది. రెండూ ఒకటి చేస్తే తిరుపతిలో మొదటి ఆటకే నవ్వుతారు.

అందరి నోటా ఒకే మోతాదులో పెట్టొద్దు. అదే మాట జేజి "యాడికి పోతా ఉండావు" అంటాది, నాయన "యాడికి పోతుండావ్" అంటాడు, ఇంటర్ చదివే పిల్ల "ఎక్కడికి" అనేస్తాది. జేజికి ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, దుడ్లు. పిల్లకి ఉల్లిపాయ, ఆలు, డబ్బులు. అమ్మ ఇంట్లో ఒక రకం, లాడ్జీ మేనేజరు ముందు ఇంకో రకం. ఈ మెట్లు చెవికి తెలిస్తే చాలు, ప్రతి వాక్యానికి "అబ్బా" తగిలించక్కర్లేదు.

వాక్యం కట్టు కూడా మార్చాలి. "ఈ నెల అద్దె కట్టలేకపోతే ఇంటి ఓనరు మనల్ని రోడ్డున పడేస్తాడు" అన్నది సీరియల్ మాట. "ఈ నెల గూడా బాడిగ ఈకపోతే ఓనరమ్మ గమ్మునుంటాదా?" అని ఆమె అంటే, ఆయన మాట్లాడకుండా చెప్పులేసుకొని పోవాలి. ఆటోవాడికి స్టాండులో "వాంగ సామీ, అలిపిరి పోలామా" అనేంత తమిళం, దానికి తోడు హిందీ బేరం రావాల్సిందే. వాటికి తెర మీద తర్జుమా వేయకండి, అంకె అర్థమైతే చాలు.

కొండ మీద సీన్లు రెండూ కిందికి దించేయండి. టీటీడీ అనుమతి లేకుండా తిరుమలలో షూటింగు కుదరదు, డ్రోను అసలే ఎగరేయకూడదు, అలిపిరి తనిఖీలోనే సామాను ఆగిపోతుంది. కథకి కూడా అదే న్యాయం: ఘాట్ రోడ్డులో ఆటోలకి అనుమతి లేదు. మీవాడు రోజూ వందమందిని దేవుడి దారి దాకా దించి అలిపిరి నుంచి వెనక్కి తిరిగేవాడు. వాణ్ని అక్కడే ఆపండి. ఊళ్లో రోడ్ల మీద తీయడానికి రాష్ట్ర ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ద్వారా దరఖాస్తు పెట్టి, పోలీసులకి, నగరపాలక సంస్థకి కాపీలివ్వండి. రైల్వే స్టేషన్ ఆవరణకి రైల్వే అనుమతి విడిగా కావాలి.

కొడుకు పాత్రకి పద్నాలుగేళ్ల లోపు పిల్లాణ్ని పెడతారు గదా. 2017 నాటి రూల్సు ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకి 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు మించకూడదు, వరసగా 27 రోజులు దాటకూడదు. పిల్లాడి పారితోషికంలో కనీసం 20 శాతం వాడి పేరున బ్యాంకులో డిపాజిట్ చేయాలి. మీ 20 రోజుల షెడ్యూల్లో ఆ 5 గంటలకి తగ్గట్టే సీన్లు పేర్చుకోండి. ఆ గదిలో సీన్లన్నిటికీ వాడు కావాలంటే 104 పేజీలు 20 రోజుల్లో తీయడానికి కావాల్సిన రోజుకి ఐదు పేజీల లెక్క తప్పుతుంది.

కొర్లగుంట_కథకుడు:

అందరికీ దండాలు. కథ 2025 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా అని ఖాయం చేసినాను, ఏడుపు సీన్లు రెండుకి తగ్గినాయి. కాగితంపులి గారూ, తిరగేసే సీను రాస్తా ఉంటే లెక్క వివరించడానికే పేజీన్నర డైలాగు అవుతా ఉండాది. వివరించకపోతే జనానికి అర్థం కాదేమో.

కాగితంపులి:

డైలాగు మొత్తం కొట్టేసి నోట్లు చూపించండి. 20,000 అంటే 500 నోట్లు 40. ఆటో వెనక సీటు మీద కలెక్షన్ అబ్బాయి నలభై నోట్లూ ఎంచి పెడతాడు. మీవాడు చెయ్యి చాపుతాడు. అబ్బాయి అందులోంచి నాలుగు తీసి తన బ్యాగులో వేసుకుంటాడు: వడ్డీ. ఇంకో పదహారు ఎంచి వేసుకుంటాడు: పాత బాకీ. సీటు మీద ఇరవై మిగిలినాయి. పాత కార్డు చించి కొత్తది ఇచ్చి మొదటి గడిలో సంతకం పెడతాడు. చేతులు మాత్రమే కనబడేట్టు ఒకటే షాట్, ఎంచే శబ్దం తప్ప మాట వద్దు. అబ్బాయి పోయేటప్పుడు "వస్తాన్నా" అంటే అదొక్కటి చాలు.

అచ్చేసిన దొంగనోట్లు మాత్రం వాడొద్దు, నేరం, పైగా క్లోజులో దొరికిపోతాయి. నిజం నోట్లే తీసుకురండి, అందులోనూ నలిగినవి. బ్యాంకు కొత్త కట్ట అయితే అతుక్కొని ఒకటికి రెండు లేస్తాయి, పదహారు ఎంచాల్సిన చోట పదిహేడు పోతే టేకు మళ్లీ మొదటి నుంచి.